యూదుల ప్రాయశ్చిత్తార్థ దినము

2025వ సంవత్సరపు దసరా సెలవులకు ముందు మా బైబిలు తరగతిలో అపొస్తలుల కార్యముల గ్రంథము ముగియవచ్చినది. పౌలును ఖైదీగా రోమాపురమునకు ఓడపై గొనిపోవు ఘట్టము నడుచుచుండెను. 27వ అధ్యాయమున ఒకచోట, ఉపవాసదినము అప్పటికే దాటిపోయినదనియు, ఇక సముద్రయానము ప్రమాదకరమనియు తెలుపబడినది. వెనుకబల్ల విద్యార్థి యొకడు లేచి, "ఆ ఉపవాసము ఎవరిది సార్? ఉపవాసమునకును ఓడకును సంబంధమేమి?" అని యడిగెను. తరగతిలో కొందరు నవ్విరి. కాని ప్రశ్న నవ్వదగినది కాదు. ఇంతలో గంట కొట్టుటచే రెండు మాటలలో జవాబు చెప్పి, తక్కినది వార్షిక సంచికలో వ్రాయుదుమని మాట యిచ్చితిమి. ఆ మాట చెల్లించుకొనుటకే ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. పూనుకొనిన పిమ్మట దీనికి మరియొక కారణము కూడ ఏర్పడినది. దానిని చివర మనవి చేసెదము.

ఆ ఉపవాసము యూదులది. హీబ్రూ భాషలో దానికి 'యోమ్ కిప్పూర్' అని పేరు. 'యోమ్' అనగా దినము. 'కిప్పూర్' అనగా ప్రాయశ్చిత్తము. తెలుగు బైబిలున దీనినే ప్రాయశ్చిత్తార్థ దినమందురు. యూదుల పుణ్యదినములలో దీనికి మించినది లేదు. సంవత్సరమంతయు సమాజమందిరపు గడప త్రొక్కనివారు సైతము పెక్కుమంది ఆనాడు వత్తురు. ఇది సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చును. అటుపిమ్మట మధ్యధరా సముద్రమున తుపానులు మొదలగును. పూర్వకాలపు నావికులు చలికాలమున ఓడలను రేవులలో కట్టివేయుచుండిరి. మన రైతులు మృగశిర కార్తె పేరు చెప్పి వానల రాకను గుర్తించునట్లు, గ్రంథకర్త ఈ ఉపవాసము పేరు చెప్పి ఋతువు మారినదని తెలిపెను. ఉపవాసమునకును ఓడకును ఉన్న సంబంధ మింతియే.

యూదుల పంచాంగమును మన పంచాంగముతో పోల్చి చూచినచో విద్యార్థులకు ఆశ్చర్యము కలుగును. వారికిని నెలలు చంద్రుని బట్టియే నడుచును. సంవత్సరము సూర్యగతిని తప్పిపోకుండుటకు వారును అధికమాసములను చేర్చుకొందురు. 19 సంవత్సరములలో 7 అధికమాసములు వచ్చును. తిష్రీ యను మాసమున మొదటి దినము వారి నూతన సంవత్సరాది. పదవ దినము ప్రాయశ్చిత్తార్థ దినము. ఈ పది దినములును పశ్చాత్తాపమునకు ఏర్పడినవి. మాసము అమావాస్య వెనువెంట మొదలగుటచే ఆ పదవ దినము మన శుద్ధ దశమి ప్రాంతముననే వచ్చును. 2022 అక్టోబరు 5, 2024 అక్టోబరు 12, 2025 అక్టోబరు 2, ఈ మూడు తేదీలయందును మన విజయదశమియు వారి ఉపవాసమును ఒక్కనాడే వచ్చినవి. 2023లో మాత్రము మనకు అధిక శ్రావణము వచ్చుటచే, వారి ఉపవాసము సెప్టెంబరు 25ననే ముగిసి మన దసరా నెలదినముల తరువాత వచ్చినది. 2025లో ఆ దినము గాంధీ జయంతి కూడ. ఆత్మశుద్ధికి ఉపవాసమును సాధనముగా చేసికొనిన మహాత్ముని జన్మదినముననే ఈ రెండును కలిసివచ్చుట మాకు ముచ్చట గొలిపినది.

ఇక ఆ దినమున పూర్వము జరిగిన కర్మకాండను గూర్చి. లేవీయకాండము 16వ అధ్యాయమున దీని వివరమున్నది. యెరూషలేము దేవాలయమున అతిపరిశుద్ధ స్థలము అను లోపలిగది యుండెను. అందు ప్రవేశించుటకు ప్రధానయాజకునికి తప్ప అన్యులకు అధికారము లేదు. అతనికైనను సంవత్సరమున ఈ యొక్కదినముననే. ఆనాడు లోపలికి పోవునపుడు అతడు బంగారు పనితనముగల వస్త్రములను విడిచి తెల్లని నారబట్టలు ధరించెడివాడు. మొదట ఒక కోడెపై చేయినుంచి తన పాపములను, తన యింటివారి పాపములను ఒప్పుకొనెడివాడు. ఆ తరువాతనే ప్రజల వంతు. రెండు మేకలను తెచ్చి చీట్లు వేయుదురు. ఒక చీటి పడిన మేకను దేవునికి బలియిత్తురు. రెండవదాని తలపై ప్రధానయాజకుడు రెండు చేతులనుంచి జనులందరి దోషములను ఒప్పుకొని, దానిని అరణ్యమునకు పంపివేయును. ఒకరి నేరమును మోయుటకు బలియైనవానిని ఇంగ్లీషువారు నేటికిని మేకపేరుతో పిలుచుట ఇందుండి పుట్టినదే.

క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా యను యూదధర్మ సంహితలో ఈ దినమును గూర్చి 'యోమా' అను ప్రత్యేక భాగము కలదు. అందు చిన్నపిల్లలకు సైతము నచ్చు సంగతులున్నవి. ప్రధానయాజకుడు ఏడుదినముల ముందే యిల్లు విడిచి దేవాలయమున నివసింపవలెను. ముందటి రాత్రి అతనిని నిద్రపోనీయరు. కునుకుపట్టినచో యువయాజకులు చిటికెలు వేసి మేల్కొలిపి, చల్లని నేలమీద నిలుచుండుమని చెప్పెడివారు. అతడు పండితుడైనచో తానే గ్రంథము వివరించును. కానిచో ఇతరులు చదివి వినిపింతురు. మన శివరాత్రి జాగరణము ఇట్టిదే కదా. లోపలిగదినుండి వెలుపలికి వచ్చునపుడు అతడు చేయు ప్రార్థన చిన్నదిగా నుండవలెను. ఏలయన అతడు ఆలస్యము చేసినచో వెలుపల నిలిచిన జనులు, ఏమి కీడు కలిగెనోయని బెదరుదురు.

ఇచ్చట విద్యార్థులు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. పెద్దవాడు ముందుగా తన తప్పు ఒప్పుకొనిన పిమ్మటనే చిన్నవారి తప్పులు ఎత్తుట ఆ కర్మకాండ క్రమము. ఈ విషయమును మేము మరల ప్రస్తావింతుము.

క్రీ. శ. 70లో రోమా సైన్యము యెరూషలేమును పట్టుకొని దేవాలయమును కాల్చివేసినది. అప్పటినుండి బలిపీఠము లేదు, యాజకుని సేవ లేదు, మేక లేదు. దినము మాత్రము నిలిచినది. పశ్చాత్తాపము, ప్రార్థన, దానధర్మము అను మూడును బలికి మారుగా నిలుచునని రబ్బీలు బోధించిరి. అంతవరకు ప్రధానయాజకుడు ఒక్కడు జనులందరికొరకు చేసిన పనిని, నాటినుండి ఒక్కొక్కడు తనకొరకు తాను చేసికొనవలసి వచ్చినది.

ఇప్పటి ఆచారము ఇట్లున్నది. ముందటినాటి సూర్యాస్తమయమునకు పూర్వమే భోజనము ముగింతురు. మరునాడు చుక్కలు పొడుచువరకు, ఇంచుమించు 25 గంటలు, అన్నము ముట్టరు, నీరు త్రాగరు. మన యిరుగుపొరుగు ముస్లిముల రోజా తెల్లవారుజామునుండి ప్రొద్దుగ్రుంకువరకు. మన యేకాదశి ఉపవాసమున పాలు, పండ్లు పుచ్చుకొనువారు పెక్కుమంది. వీరిది ఒక రాత్రియు ఒక పగలును నీరైనను లేని ఉపవాసము. ఆనాడు స్నానము చేయరు, తైలము పూసికొనరు, తోలుచెప్పులు తొడుగరు. గుడ్డతోనో రబ్బరుతోనో చేసినవి తొడుగుదురు. పెక్కుమంది తెల్లబట్టలు ధరింతురు. ఏ పనియు చేయరు.

ఇంత కఠినమైన నియమమునకు దయగల మినహాయింపులును ఉన్నవి. 9 సంవత్సరములు నిండని పిల్లలచే ఉపవాసము చేయింపరాదు. ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13 ఏండ్లు నిండినపుడే ఇది విధియగును. వ్యాధిగ్రస్తునికి ఆహారము అవసరమని వైద్యుడు చెప్పినచో తినిపించి తీరవలెను. వైద్యుడు అవసరము లేదన్నను, రోగి తనకు కావలెనన్నచో రోగి మాటనే పాటింపవలెను. ప్రాణరక్షణము ఉపవాసముకంటె గొప్పదని వారి సిద్ధాంతము. జ్వరముతో ఉండియు ఉపవాసము మానని తల్లులు మన విద్యార్థుల యిండ్లలో లేకపోలేదు. వారికి ఈ మాట చదివి వినిపింపుడని కోరుచున్నాము.

సాయంకాల ప్రార్థన 'కోల్ నిద్రే' యను వాక్యముతో మొదలగును. అది హీబ్రూ కాదు, అరమేయిక భాష. చెల్లింపజాలని మ్రొక్కుబడులనుండి తమ్మును విడిపింపుమని అందు వేడుకొందురు. దీనిని వినిన ఇతరులు కొందరు, యూదుల ప్రమాణములు నమ్మదగినవి కావని పూర్వము అపనింద వేసిరి. అది తప్పు. ఈ విడుదల మనుష్యుడు దేవునికి చేసికొనిన మ్రొక్కులకు మాత్రమే. పొరుగువానికి ఇచ్చిన మాటకు, వ్రాసిన పత్రమునకు, తీర్పవలసిన అప్పునకు ఇది వర్తింపదని వారి ధర్మశాస్త్రజ్ఞులు స్పష్టముగా చెప్పిరి.

ఆ రాత్రియు మరునాడును పలుమారులు పాపముల ఒప్పుకోలు జరుగును. అది హీబ్రూ అక్షరమాల వరుసలో, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క దోషముగా కూర్చబడినది. ఒక్కొక్క మాటకు గుండెపై మెల్లగా పిడికిటితో కొట్టుకొందురు. అందు 'నేను' అను మాట లేదు. అంతయు 'మేము' అనియే యుండును. తాను దొంగిలింపనివాడును దొంగతనము చేసితిమని అందరితో కూడ పలుకును. తప్పు చేసినవాడు ఒంటరిగా తల వంచుకొననక్కరలేకుండ, చేయనివాడు గర్వపడకుండ ఇట్లు చేసిరి కాబోలు. ఇంతకాలము వ్యాసములలో 'మేము' అని వ్రాయుచు, అది మర్యాదకు మాత్రమేయని తలచియుంటిమి.

ప్రాతఃకాలమున యెషయా గ్రంథము 58వ అధ్యాయమును చదువుదురు. ఉపవాసదినముననే, ఉపవాసమును నమ్ముకొనినవారిని మందలించు అధ్యాయమును చదువుట గమనింపదగినది. తల వంచుకొని గోనెపట్ట పరచుకొనుట ఉపవాసము కాదనియు, అన్యాయముగా కట్టబడినవారిని విడిపించుట, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, బట్టలేనివానికి బట్టనిచ్చుట దేవుడు కోరు ఉపవాసమనియు ప్రవక్త బోధించును. మధ్యాహ్నము యోనా గ్రంథము చదువుదురు. పెద్దచేప కథగానే మన పిల్లలు దానిని ఎరుగుదురు. కాని దానిలోని సారము నీనెవె పట్టణపు జనులు రాజు మొదలు పశువులవరకు ఉపవసించి తమ దుర్మార్గమును మానుకొనుట. తాము శత్రువులుగా తలచిన పరజాతివారి పశ్చాత్తాపమును తమకు మాదిరిగా చదివికొనుట ఎంత వినయము! ప్రొద్దు వాలుచుండగా 'నెయీలా' అను కడపటి ప్రార్థన జరుగును. దానికి మూసివేయుట అని అర్థము. స్వర్గద్వారములు మూయబడకమునుపే మొరపెట్టుకొనుట అని భావింతురు. చీకటి పడగానే పొట్టేలు కొమ్మును దీర్ఘముగా ఒక్కసారి ఊదుదురు. ఉపవాసము ముగియును.

ఇశ్రాయేలు దేశమున ఆనాడు విమానాశ్రయము మూతపడును. రేడియో, టెలివిజను ప్రసారములు నిలిచిపోవును. వీధులలో వాహనములు తిరుగవు. నిర్మానుష్యమైన రాజమార్గములపై పిల్లలు సైకిళ్లు త్రొక్కుచుందురు. మన ఎల్. బి. నగరు కూడలిలో ఒక దినమంతయు ఒక్క బండియు కదలక, మెట్రోరైలు నిలిచిపోయి, హారను మ్రోత లేక యుండుట ఊహించికొనుడు! పత్రికలు చదువు తలిదండ్రులకు ఈ దినము పేరు మరియొక విధముగా తెలిసియుండును. 1973 అక్టోబరు 6న ఈ ఉపవాసదినముననే ఈజిప్టు, సిరియా సైన్యములు దాడి చేయగా జరిగిన యుద్ధమునకు దీని పేరే వచ్చినది.

మన దిల్‌సుఖ్‌నగరు, ఎల్. బి. నగరు వీధులలో గుడి గంటలు, మసీదుల పిలుపులు, చర్చి పాటలు వినబడును గాని యూదుల సమాజమందిరము కానరాదు. అయినను వారు మన దేశమునకు క్రొత్తవారు కారు. కొచ్చిలోని పరదేశి సమాజమందిరము 1568లో కట్టబడినది. కొంకణ తీరమున బెనె ఇశ్రాయేలు అను యూదులు తరతరములుగా నివసించి మరాఠీ మాతృభాషగా చేసికొనిరి. వారు ఈ దినమును 'తలుపులు మూయు పండుగ' అని అర్థమిచ్చు మరాఠీ పేరుతో పిలిచెడివారు. తెల్లబట్టలు ధరించి, తలుపులు మూసికొని, ఇతరులతో కలియక ఆ దినమును గడపెడివారు. 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన పిమ్మట ఈ రెండు సమాజములవారిలోను పెక్కుమంది అచ్చటికి తరలిపోయిరి.

తెలుగు మాటలాడు యూదులును కలరని చెప్పిన మన విద్యార్థులు నమ్మరు. ఎల్. బి. నగరునుండి విజయవాడ బాటపై పోయి, నార్కట్‌పల్లి వద్ద మిర్యాలగూడెము వైపు తిరిగి, కృష్ణానదిని దాటి గుంటూరు చేరవచ్చును. గుంటూరునుండి పొన్నూరు పోవు దారిలో ప్రాచీన దేవాలయములకు ప్రసిద్ధమైన చేబ్రోలు కలదు. దాని చెంత కొత్తరెడ్డిపాలెమను గ్రామమున బెనె ఎఫ్రాయీము అను చిన్న సమాజము వసించుచున్నది. బెనె ఎఫ్రాయీము అనగా ఎఫ్రాయీము సంతతి. ఎఫ్రాయీము యోసేపు కుమారుడు. క్రీ. పూ. 722లో అష్షూరువారు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమును కూల్చి చెరగొనిపోయిన గోత్రములలో ఇతని గోత్రమొకటి. ఆ చెదరినవారి సంతతి పారసీకము, ఉత్తర హిందూదేశము మీదుగా తెలుగునేలకు చేరినదనియు, తాము వారిమేననియు వీరు చెప్పుకొందురు.

లోకమునకు వీరు మాదిగలు. వీరి కుటుంబములు అంతకుముందు క్రైస్తవ సంఘములలో నుండినవి. 1980 తరువాతి సంవత్సరములలో షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరుల నాయకత్వమున వీరు యూదాచారమును బహిరంగముగా చేపట్టిరి. 1991 ప్రాంతమున కొత్తరెడ్డిపాలెమున సమాజమందిరము వెలసినది. సబ్బాతు, పస్కా, ప్రాయశ్చిత్తార్థ దినము మొదలైనవాటిని ఆచరించుచు, పిల్లలకు హీబ్రూ నేర్పుచుందురు. మచిలీపట్నమునను ఇట్టి కుటుంబములు కొన్ని కలవు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు వీరితో మెలగి పరిశోధించి 2013లో ఒక గ్రంథమును ప్రకటించిరి. మణిపురము, మిజోరాములలోని బెనె మెనష్షే జనులను ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు 2005లో లుప్తగోత్ర సంతతిగా అంగీకరించిరి. బెనె ఎఫ్రాయీములకు అట్టి గుర్తింపు లభింపలేదు. వంశావళిని గూర్చిన ఆ వాదము మా వ్యాసమునకు అవసరము లేదు. వారిలో పెక్కుమంది వ్యవసాయకూలీలు. వారికి పని మానుట అనగా ఆనాటి కూలి మానుకొనుట. అట్టివారు కూలిని, కూటిని రెంటిని విడిచి ఈ దినమును పాటించుటలోని నిష్ఠను మేము గౌరవింతుము. తరతరములుగా ఊరి వెలుపల నుంచబడినవారు, కట్టబడినవారిని విడిపించుటయే ఉపవాసమను ఆ ప్రవక్త మాటను ఎట్లు విందురో కూడ మనము ఆలోచింపవలెను.

ఇపుడు ఈ దినమునకు ప్రాణమువంటి ధర్మమును చెప్పుదుము. యోమా గ్రంథపు చివరి అధ్యాయమున ఒక నియమమున్నది. మనుష్యుడు దేవుని యెడల చేసిన తప్పులకు ఈ దినము ప్రాయశ్చిత్తము కలిగించును. కాని మనుష్యుడు తోటిమనుష్యుని యెడల చేసిన తప్పులకు, ఆ మనుష్యుని యొద్దకు పోయి అతనిని శాంతింపజేయువరకు ఈ దినము ఏ ప్రాయశ్చిత్తమును కలిగింపదు. 25 గంటలు నీరు లేక యుండినను, గుండె ఎంత బాదుకొనినను ఆ లెక్క తీరదు. కావుననే ఉపవాసమునకు ముందు దినములలో యూదులు తాము నొప్పించినవారిని వెదకికొని పోయి క్షమాపణ కోరుదురు, అప్పులు తీర్తురు.

12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీసు దీనిని ఇంకను వివరించెను. సొమ్ము చెల్లించిన మాత్రమున చాలదు. నోరు తెరచి క్షమింపుమని అడుగవలెను. అతడు క్షమింపనిచో ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని మరల పోవలెను. అట్లు మూడుసార్లు పోయినను కరగనిచో ఇక దోషము క్షమింపనివానిది. నొప్పింపబడినవాడు చనిపోయినచో పదిమందిని సమాధియొద్దకు తీసికొనిపోయి వారి యెదుట తప్పు ఒప్పుకొనవలెను. నొప్పింపబడినవాడు తన గురువైనచో మూడుసార్లని కాదు, వేయిసార్లయినను పోవలెను.

ఈ చివరి మాట చదివినపుడు ఉపాధ్యాయులమైన మాకు మొదట సంతోషము కలిగినది. పిమ్మట వేరొక తలంపు వచ్చినది. గురువే శిష్యుని నొప్పించినచో? గురువునకు మినహాయింపు అందు ఎచ్చటను లేదు. ప్రధానయాజకునికే లేనిది మాకెట్లుండును?

మేము మొదట చెప్పిన రెండవ కారణము ఇదియే. కొన్ని సంవత్సరముల క్రిందట మేము తరగతిలో వసూలు చేసిన పరీక్ష రుసుములో కొంత సొమ్ము కనబడలేదు. మా బల్లకు దగ్గరగా కూర్చుండిన విద్యార్థిని అనుమానించితిమి. అతడు కొత్తపేటలో తోపుడుబండిపై పండ్లమ్ము వారి బిడ్డ. సొమ్మునకు ఇబ్బంది గలవాడు గనుక తీసియుండునని తలచితిమే గాని వేరు ఆధారము లేదు. అతనిని తరగతి యెదుట నిలువబెట్టి, సంచి బోర్లించి, అనరాని మాట అంటిమి. మూడవనాడు ఆ నోట్లు హాజరుపట్టీ మడతలలో దొరికినవి. "సొమ్ము దొరికినది" అని తరగతిలో చెప్పి పాఠము మొదలిడితిమి. తప్పు మాది యని అనలేదు. ఆ రాత్రి మోకరించి దేవుని క్షమాపణ వేడుకొని, అంతటితో తీరినదని తలచితిమి. అతడు పదవ తరగతి ముగించి వెడలిపోయెను.

ఈ వ్యాసమునకై చదువుచుండగా పై నియమము కంటబడి మాకు నిద్రపట్టలేదు. 2025 దసరా సాయంకాలమున దిల్‌సుఖ్‌నగరులో మెట్రో స్తంభముల క్రింద జమ్మి ఆకు అమ్ముచుండిరి. కొంచెము కొనుక్కొని కొత్తపేట సందులలో విచారించుచు ఆ యింటికి పోతిమి. తల్లి ఒక్కతెయే యుండెను. వచ్చిన పని చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడక, "అప్పుడే వస్తే మంచిగుండు సారూ. మావోడు నాలుగు దినాలు బువ్వ సరిగ్గ తినలే" అనెను. ఆ ఉపవాసము ఎవరిది అని తరగతిలో విద్యార్థి అడిగిన ప్రశ్న మా చెవిలో మ్రోగినది. తప్పు చేసినది మేము. తినక పస్తుండినది ఆ బాలుడు.

ఇంతలో అతడే పనినుండి వచ్చెను. ఇప్పుడు మాకంటె పొడగరి. జమ్మి ఆకు అతని చేతిలో నుంచి, క్షమింపుమని అడిగితిమి. అతడు ఆకును చూచుచు, "మీరు క్లాసు ముందట అన్నరు సార్" అని మాత్రము పలికెను. కోపముతో కాదు, జరిగినది జరిగినట్లు చెప్పెను. టీ త్రాగి పొమ్మనెను. త్రాగి వచ్చితిమి.

క్షమాపణ కోరు ఆచారము యూదులకే చెందినది కాదు. మన నగరపు జైనులు భాద్రపదమున తమ పర్యూషణము ముగియుదినమున "మిచ్ఛామి దుక్కడమ్" అని ఒకరినొకరు క్షమాపణ వేడుకొందురు. మన తెలంగాణమున దసరానాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దలకు మ్రొక్కి, మాటలు లేనివారిని సైతము అలాయ్ బలాయ్ అని కౌగిలించుకొందురు. అయితే ఆకు చేతిలో పెట్టుట సులభము; "నీ యెడల నేను ఈ తప్పు చేసితిని" అని తప్పును పేరుపెట్టి పలుకుట కష్టము. యూదుల ఉపవాసము మనకు నేర్పునది ఈ కష్టమైన భాగమునే. విద్యార్థులారా, మీరును ఒకరి పుస్తకము దాచియుందురు, ఒకరిపై లేనిపోని చాడీ చెప్పియుందురు, ఒకరిని కులము పేరనో పేదరికము పేరనో నవ్వియుందురు. ప్రార్థన చేసికొనుడు, కాని ముందుగా ఆ బల్లయొద్దకు పోయి రండు.

తరగతి యెదుట అన్న మాటకు ఇంటిలో అడిగిన క్షమాపణ చాలదని ఆ యువకుడు మాకు తెలియజేసెను. ఆనాటి తరగతి చెదరిపోయినది. వారిని మరల ఒక గదిలో కూర్చుండబెట్టుట మాకు సాధ్యము కాదు. కాని ఈ సంచిక పూర్వవిద్యార్థులకును పోవును. పేరు వ్రాయకుండ ఇది ప్రకటించుటకు అతని అనుమతి పొందితిమి. ఆనాడు ఆ గదిలో నుండిన వారందరికిని ఇందుమూలముగా తెలియజేయునదేమనగా: అతడు సొమ్ము తీయలేదు. ఆధారము లేకుండ అతనిని దొంగ యన్నది మేము. సొమ్ము దొరికిన తరువాతను ఊరకుండినది మేము. మమ్మును క్షమింపుమని అతనిని మీ యెదుట అడుగుచున్నాము.